మరియమాత ముసుగూ, పానింగ్ పాటా

ఒక పాట నచ్చక మా ఊరి మరియమాత ఈస్టరు తెల్లవారుజామున కన్నకొడుక్కి ముఖం చూపించనని మొండికేసింది. బలవంతం చేసేసరికి కోపమొచ్చి తన జుట్టు తానే ఊడబెరుక్కుని జనం మీదికి విసిరేసింది. ఊరు ఊరంతా చూసింది.

సరే, విసిరేసింది అనడం కొంచెం ఎక్కువైంది. జుట్టు ఊడిన మాట మాత్రం నిజం. అది సవరం జుట్టు. ఊడింది కూడా తనంతట తాను కాదు. మొండికేసింది మరియమాత కాదు, గుండుసూదులు. కానీ ఈ దిద్దుబాట్లేవీ మా ఊళ్లో చెల్లవు. నేను మొదట చెప్పిందే ఊరి నమ్మకం. తర్వాత చెప్పింది పోరో తాత కోతలు. పోరో అంటే నేనే.

ఆ పాట కట్టిన మనిషి ఎపిఫానియా బొంగ్కారస్. అంత పేరు పిలిచే ఓపిక లేక అందరూ పానింగ్ అన్నారు. తండ్రి కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసేవాడు. పొద్దున్నే చెట్టు మీద నుంచి ఆయన ఏదో రాగం తీస్తే కింద వాకిలి ఊడుస్తూ పానింగ్ అందుకునేది. మేమిద్దరం సిస్టర్ల బడిలో చదివాం. సిస్టర్ రోసెండా మాకు స్వరాలు నేర్పేది. తప్పు పాడితే బెత్తంతో అరచేతుల మీద కొట్టేది. ఆ బడి నుంచి పానింగ్ స్వరాలతో బయటికొచ్చింది, నేను వాచిన చేతులతో బయటికొచ్చాను. ఆ చేతులతోనే గిటారు పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాను.

ఆమె గొంతు ఎలాంటిదంటే, గుడి అటక మీద ఆమె ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని ఎత్తుకుంటే రేవులో పడవల తెరచాపలు నిండేవి. అది సముద్రపు గాలి అని వాదించేవాళ్లున్నారు. వాళ్లతో నాకు గొడవ లేదు.

పూజ లాటిను నుంచి మా భాషలోకి దిగిన కాలం అది. దేవుడికి మా బోహోల్ ద్వీపపు యాస అర్థమవుతుందా అని ముసలివాళ్లకి దిగులు. పైగా పాటలు లేవు. పెద్ద ఊళ్లలో చదువుకున్న గురువులు రాసి పంపిన పాటల్లో సింహాసనాలూ కిరీటాలూ వజ్రాలూ ఉండేవి. మా ఊళ్లో ఎవరూ చూసినవి కావు. అప్పుడు పానింగ్ పాటలు కట్టడం మొదలుపెట్టింది. జిగురుబియ్యం, కొబ్బరిపాలు కలిపి అరటాకుల్లో చుట్టి ఉడికించే బుద్‌బుద్ అమ్ముకుని బతికేది. ఆకు చుడుతూ చుడుతూ పాట కూడా చుట్టేసేది. నేను గిటారుతో ఆమె పొయ్యి పక్కన కూర్చునేవాణ్ణి.

“పోరో, ఇక్కడ రాగం కిందికి దిగాలి.”

“పైకెళ్తే బావుంటుంది కదే.”

“నువ్వెళ్లు పైకి. పాట మాత్రం దిగుతుంది.”

ఆమె పాటల్లో దేవుడు వల లాగేవాడు, వరిమళ్లలో దిగబడేవాడు, వాన కోసం ఆకాశంకేసి చూసేవాడు. మొదట మా గుడిలో పాడాం, తర్వాత పక్క ఊళ్లవాళ్లు పిలిచారు. పట్నంలోని రేడియో వాళ్లు పిలిస్తే కోళ్ల బుట్టల మధ్య బస్సులో వెళ్లి పాడి వచ్చాం. కేసెట్టు కూడా వచ్చింది. అట్ట మీద నవ్వుతున్నట్టు పానింగ్ బొమ్మ గీసి, ఆమె నవ్వని మనిషని తెలియక కింద ‘నవ్వుల కోయిల’ అని అచ్చేశారు. పెళ్లయినా, శవం లేచినా ఆ తీరం పొడుగునా ఆమె పాట ఉండాల్సిందే. ఎక్కడికెళ్లినా మా ఊరివాళ్లు “మా పానింగ్” అని చెప్పుకునేవారు. ఆ ‘మా’ అనే మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. ఊరు దాన్ని ఎంత సులువుగా ఇస్తుందో అంత సులువుగా లాక్కుంటుంది.

ఆమె తమ్ముడు ఎస్టోయ్ ఒక తుఫాను రోజున చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ పలకలు దొరికాయి, మనిషి దొరకలేదు. తల్లి సిమియోనా నల్లబట్ట కట్టింది. మా దగ్గర ఏడాది కడతారు. ఏడాది తిరిగాక ప్రార్థన చేయించి, విందు పెట్టి, నలుపు తీసేస్తారు. సిమియోనా తియ్యలేదు. “శవమన్నా రాలేదు కదా, దేనికి తియ్యాలి? వాడొచ్చాక తీస్తా” అంది. వీధిలో నల్ల తలగుడ్డతో ఆవిడ ఎదురైతే జాలర్లు దారి మార్చేవాళ్లు.

పానింగ్ సుగాత్ పాట కట్టింది ఆ తల్లి కోసమే. సుగాత్ అంటే ఈస్టరు తెల్లవారకముందు జరిగే కలయిక. ఒక వీధి నుంచి మగవాళ్లు సమాధి నుంచి లేచిన క్రీస్తు చెక్క స్వరూపాన్ని మోసుకొస్తారు. ఇంకో వీధి నుంచి ఆడవాళ్లు నల్లముసుగు వేసిన మరియమాతను తెస్తారు. గుడి ముందు ఎత్తయిన వెదురు పందిరి కింద తల్లీ కొడుకులు ఎదురుపడతారు. పైనుంచి తాడు కట్టి రెక్కలు తొడిగిన ఒక చిన్నపిల్లను దేవదూతలా దింపుతారు. ఆ పిల్ల పాట పాడి ముసుగు ఎత్తేస్తే గంటలు మోగుతాయి. ముసుగు సుతారంగా లేస్తే ఏడాదంతా చేపలు, పంటలు. ఎక్కడైనా చిక్కుకుందా, ఊరికి కీడు. అందుకే ఆ క్షణంలో మా ఊళ్లో ఊపిరి పీల్చేవాడుండడు.

ఆ దేవదూత అంతవరకూ లాటిను పాటే పాడేది. పానింగ్ కట్టిన కొత్త పాట ఇలా ఉంటుంది:

*తియ్యమ్మా తియ్యి ఆ నల్లగుడ్డ*
*గుమ్మంలో నిలుచున్నది నీ బిడ్డ*
*ఆకలి మీదున్నాడు, పొయ్యి రాజెయ్యి*
*నాలుగు చేపలు కాల్చి పెట్టవే అమ్మా*

మా గుడి గురువు ఫాదర్ అనక్లెటోకి ఇది వినగానే కళ్లు చెమర్చాయి. మంచి చెవి ఉన్న మనిషి. వెన్నెముక సంగతి తర్వాత చెబుతాను. పేచీ వచ్చింది పెద్దింటి దొరసాని డోన్యా పూరా దగ్గర. మా దగ్గర ఊరేగింపు స్వరూపాలు గుడివి కావు, కుటుంబాలవి. మరియమాత డోన్యా పూరా వాళ్లది. వాళ్ల ఇంట్లోనే ఉంటుంది, వాళ్లే బట్టలు కడతారు, వాళ్ల మనవరాలు మారిబెత్తే దేవదూత. ఆవిడ పాట విని విసనకర్ర ఠపీమని మూసింది.

“పరలోకపు రాణిని పట్టుకుని చేపలు కాల్చమంటావా పానింగ్? మా ఇంట్లో మరియమాత వంటింటి మొహం కూడా చూడదు.”

“మీ ఇంట్లో చూడదేమో డోన్యా. నజరేతులో వంటమనిషిని పెట్టుకున్నట్టు సువార్తలో ఎక్కడా లేదు.”

ఫాదర్ మధ్యలో పడి, చేతులు నలుపుకుని, ఈ ఒక్కసారికి ఒప్పించాడు.

ఇక గుండుసూదుల సంగతి. కిందటి ఏడు ఈదురుగాలికి ముసుగు దారిలోనే ఎగిరింది. దేవదూత రాకముందే మరియమాత ముఖం బయటపడి డోన్యా పూరాకి తల కొట్టేసినట్టయింది. ముసుగును ఊరికే తల మీద వాల్చాలి తప్ప గుచ్చకూడదు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. కానీ ఈసారి మనీలా నుంచి కొత్త లేసు ముసుగు తెప్పించింది. గాలి భయానికి గుండుసూదులతో జుట్టుకి గుచ్చేసింది. దురుద్దేశంతో చేసిందని నేననను. ముసుగు నిలవాలన్న ఆదుర్దాలో, అది లేవాలన్న సంగతి మరిచిపోయింది.

ఆ తెల్లవారుజామున మారిబెత్ కొవ్వొత్తుల వెలుగులోకి దిగింది. సన్నని గొంతుతో “తియ్యమ్మా తియ్యి” అని మొదలుపెట్టింది. గుడి అటక కిటికీలో పానింగ్, కింద గిటారుతో నేను. జనం ఏడుస్తున్నారు. జాలరుల పెళ్లాలు బాహాటంగా వెక్కుతున్నారు. వాళ్లలో ఎవరి మనిషిని సముద్రం తీసుకోలేదు గనక? నా పక్కనే సిమియోనా నిలబడి ఉంది. “గుమ్మంలో నిలుచున్నది నీ బిడ్డ” అన్న చోట ఆవిడ చెయ్యి తన తలగుడ్డ ముడి మీదికి వెళ్లింది. నా కళ్లతో చూశాను. ముడి విప్పింది. గుడ్డ భుజం మీదికి జారింది. నెరిసిన జుట్టు బయటపడింది.

అప్పుడే మారిబెత్ ముసుగు పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. స్వరూపం ముందుకు ఊగింది. పైన తాడు లాగేవాళ్లు పాట అయిపోయిందనుకుని పిల్లను ఎత్తేశారు. పిల్లతో పాటు ముసుగు, ముసుగుతో పాటు సవరం జుట్టు మొత్తం గాల్లోకి లేచాయి. మరియమాత బోడిగుండుతో, నున్నటి చెక్కతలతో, కొడుకు ఎదుట నిలబడింది. పైన మారిబెత్ చేతిలో జుట్టు వేలాడుతోంది. గంటలు కొట్టేవాడు కొట్టడం మరిచిపోయాడు.

నవ్వు రావాల్సిన దృశ్యమే. ఎవరికీ రాలేదు. ఎవరో ముసలావిడ “కీడు! కీడు!” అని అరిచింది. సిమియోనా భుజం మీది గుడ్డ తీసి, మళ్లీ తలకి కట్టుకుంది. ఈసారి గట్టిగా ముడేసింది.

పిల్లను దింపాక సవరాన్ని ఫాదర్ అనక్లెటో స్వయంగా తీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ముసుగుకీ జుట్టుకీ మధ్య గుచ్చిన సూదులు ఒక్కొక్కటీ పీకి అంగీ జేబులో వేసుకున్నాడు. నావైపు చూసి తల దించుకున్నాడు.

ఆ ఏడాది వాన పడలేదు. కొబ్బరికి పురుగు పట్టింది. చేపలు ఎక్కడికి పోయాయో వాటికే తెలియాలి. ఊరికి కారణం కావాలి. డోన్యా పూరా విసనకర్ర ఊపుకుంటూ అంది: “లాటిను పాడినన్నాళ్లు ముసుగు చిక్కుకుందా? రాణీగార్ని వంటమనిషిని చేశారు. ఆవిడకి కోపం రాదూ?” ఇంతే. ఇంతకన్నా ఎక్కువ అనలేదు. ఊరికి అదే సరిపోయింది.

నేను సంతలో నిలబడి గుండుసూదుల సంగతి చెప్పాను. విన్నవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

“పోరో, మొన్న రేవులో తిమింగలం జూదమాడి ఓడిపోయిందన్నది నువ్వే కదా?”

“అది వేరు. ఇది నిజం.”

“అదీ నిజమనే చెప్పావు!”

మొదట ఆమె సుగాత్ పాట ఆగింది. తర్వాత ఆమె కట్టిన పాటలన్నీ గుడిలో ఆగిపోయాయి. పక్క ఊళ్లవాళ్లకి మా ఊరివాళ్లే కబురు పెట్టారు, జాగ్రత్త అని. రేడియో వాళ్లు పిలవడం మానేశారు. అంతవరకూ పూజ అయ్యాక ఆమె బుట్ట ముందు నిలబడ్డవాళ్లు ఇప్పుడు దూరంగా చుట్టు తిరిగి వెళ్లేవాళ్లు, తినే బుద్‌బుద్‌లో కూడా పాట కలిసి ఉంటుందేమో అన్నట్టు. “మా పానింగ్” పోయి “ఆ పానింగ్” అయింది.

ఆమె ఫాదర్ దగ్గరికి వెళ్లింది. నన్ను వెంట తీసుకెళ్లింది.

“ఫాదర్, నా పాట మళ్లీ పాడించక్కర్లేదు. పీఠం మీద నుంచి ఒక్క మాట చెప్పండి. తప్పు పాటది కాదు, సూదులది అని. మా అమ్మ వినేలా చెప్పండి చాలు.”

“చెప్తాను పానింగ్. కొంచెం ఓపిక పట్టు. గుడి పైకప్పు పని మధ్యలో ఉంది. డోన్యా పూరా వాళ్లే కదా వేయిస్తున్నది. అది అవనీ.”

“వాన పడట్లేదు కదా ఫాదర్. పైకప్పుకి తొందరేముంది?”

ఆయన నవ్వబోయి మానేశాడు. పైకప్పు పూర్తయింది. ఎర్రటి రేకు, సముద్రం మీదికి మెరిసేది. ఆ మాట మాత్రం ఆయన చెప్పలేదు. సిమియోనా మరుసటి ఏడు పోయింది. ఆఖరి రోజుల్లో కూతురితో అన్న మాట నేను విన్నాను: “నీ పాట విని నేను గుడ్డ తీశాను కదే. అందుకేనేమో.” తన కోసమే కట్టిన పాట విని గుడ్డ తీసినందుకు, ఊరి కీడంతటికీ తానే కారణమనుకుంటూ పోయింది. ఆవిడని ఆ నల్లగుడ్డతోనే పూడ్చారు. శవయాత్రలో ఎవరూ పాట పాడలేదు. పానింగ్ పాడబోయింది, పక్కనున్నవాళ్లు చూసిన చూపుకి నోరు మూసుకుంది. ఆ తర్వాత ఆమె పాడగా నేను వినలేదు.

ఫాదర్ అనక్లెటో పట్నానికి బదిలీ అయి, అక్కడ పెద్దవాడై, మాన్సిన్యోర్ అనే బిరుదు తెచ్చుకున్నాడు. మేం ముసలివాళ్లమయ్యాం. ఒక ఏడు ఈస్టరు ముందటి తపస్సు కాలంలో మా గుడికి బిషపు గారి మేత్రాసనం వాళ్ల కొత్త పాటల పుస్తకం వచ్చింది. కోయర్ పిల్లలు సాధన చేస్తుంటే నేను రోడ్డు మీద ఆగిపోయాను. అదే రాగం. నేను పైకెళ్దామంటే ఆమె కిందికి దింపిన అదే చోటు. మాటలు మాత్రం కడిగేశారు. ఆకలి పోయి ‘మహిమ’ వచ్చింది. చేపలు పోయి ‘దీపాలు’ వచ్చాయి. పాట పైన మాన్సిన్యోర్ అనక్లెటో పేరుంది.

ఆ ఈస్టరుకి మా ఊరు ఆ పాటే సుగాత్‌లో పాడించింది. ముసుగు వెన్నలా లేచింది. డోన్యా పూరా అప్పటికి లేదు, ఆవిడ మనవరాలు మారిబెత్ ఇప్పుడు పెద్దింటి యజమానురాలు. జనం ఒకరినొకరు కావలించుకున్నారు. “మన పాత ఫాదర్ రాశాడట! మన ఊరి పాట!” అని మురిసిపోయారు. పానింగ్ గుడి మెట్ల పక్కన బుట్ట ముందు కూర్చుని ఉంది. ఆమెకి వినిపించింది. ఆకు చుడుతున్న చేతులు ఆగలేదు. నేను దగ్గరికి వెళ్తే, “వెలుతురుకి అడ్డం తప్పుకో పోరో” అంది.

నేనూరుకోలేదు. కొత్తగా వచ్చిన కుర్ర గురువు ఫాదర్ రేనాన్ దగ్గరికి వెళ్లి మొదటి నుంచీ చెప్పాను. తిమింగలాలు లేకుండా చెప్పాను. ఆయన నమ్మాడు. మా ఊళ్లో నన్ను నమ్మిన మొదటి మనిషి. పాత కేసెట్టు ఎక్కడో వెతికి తెప్పించాడు. అందులో ఈ పాట లేకపోయినా గొంతు విన్నాడు, పాట కట్టే తీరు పోల్చుకున్నాడు. “లోలో పోరో, ఈ అన్యాయం నేను సరిచేస్తాను” అన్నాడు. మా దగ్గర లోలో అంటే తాత, లోలా అంటే అవ్వ. ఆ వయసులో అలాగే అంటారు. నాకు మాత్రం సంబరమే. ఇద్దరం కలిసి పానింగ్ ఇంటికి వెళ్లాం.

ఆమె పొయ్యి ముందు పీట మీద ఉంది. కళ్లు మసకబారాయి. అరటాకు మాత్రం వేళ్లు చూసుకుంటున్నాయి.

“లోలా పానింగ్,” అన్నాడు ఫాదర్, అవ్వ పక్కన కూర్చున్న మనవడిలా కింద కూర్చుంటూ, “ఊరి పండక్కి మిమ్మల్ని సన్మానిద్దామనుకుంటున్నాం. ఆ పాట మీదని నాకు తెలుసు.”

ఆమె చేతులు ఆగాయి. నా జన్మలో ఆ చేతులు ఆగడం అదే చూడటం.

“పీఠం మీద నుంచి చెప్తారా?” అంది.

“అక్కణ్ణించే చెప్తాను. మాన్సిన్యోర్ అనక్లెటో కూడా వస్తానన్నారు. మీరిద్దరూ చేతులు పట్టుకుని పాడాలి. ఊరంతా ఏడుస్తుంది చూడండి.”

“ఏమని చెప్తారు?”

“ఈ పాట మీ ఇద్దరిదీ అని.”

“ఇద్దరిదీ.”

“ఆయన పెద్దాయన, లోలా. గుండె బాగాలేదు. పుస్తకంలో పేరు పడిపోయింది. ఇద్దరూ కలిసి కట్టారంటే ఎవరికీ నొప్పి ఉండదు.”

“సూదుల సంగతి?”

ఫాదర్ నావైపు చూశాడు. “అదిప్పుడెందుకు లోలా? ఈ ఏడు పండగ ఖర్చంతా మారిబెత్ గారిదే. వాళ్ల నానమ్మ పోయి ఎన్నేళ్లయిందో. పాతవన్నీ తవ్వడం ఎందుకు? మీరు క్షమించేశారని చెప్తాను. అది ఇంకా బావుంటుంది.”

పొయ్యిలో కొబ్బరిమట్ట చిటపటమంది. పానింగ్ మెల్లిగా ఇంకో ఆకు తీసి, ఒడిలో పరిచి, తుడిచింది.

“ఏ పాట ఫాదర్?”

“అదే లోలా, సుగాత్ పాట.”

“నేను పాటలు కట్టడమేంటి? కల్లుగీతవాడి కూతుర్ని. మాన్సిన్యోర్ అంత చదువుకున్నాయన, ఆయన కట్టాడంటే ఆయనే కట్టి ఉంటాడు. ఈయన చెప్పాడా మీకు?” నావైపు గడ్డం ఎగరేసింది. “వీడి మాటలు పట్టుకుని ఇంత దూరం వచ్చారా? చిన్నప్పట్నించీ వీడింతే. సిస్టర్లు కొట్టీ కొట్టీ అలిసిపోయారు.”

“పానింగ్!” అన్నాను. “నేను గిటారు వాయించలేదూ? ఈ పొయ్యి పక్కనే కాదూ!”

“నువ్వు గిటారు వాయించగా ఎవరు విన్నారు? చెప్పమను ఫాదర్‌తో, ఒక్కరి పేరు.”

“రేడియోలో పాడావే! కేసెట్టు ఉందే!”

“ఎవరో నవ్వుతున్న ఆడమనిషి. నేనెప్పుడన్నా నవ్వానా?”

ఫాదర్ రేనాన్ ముఖం ఎర్రబడింది. ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఊరంతా నన్ను అలాగే చూస్తుంది.

“మరి ఆ ముసుగు, ఆ జుట్టు ఊడిపోవడం...” అన్నాడు.

“మరియమాత జుట్టు ఊడటమా? పాపం చుట్టుకుంటుంది ఫాదర్, అలాంటి మాటలంటే. ఈ ఊళ్లో ముసుగు ఎప్పుడూ చిక్కుకోలేదు. మా అమ్మ ఏడాది నల్లబట్ట కట్టింది, ఏడాది కాగానే తీసేసింది, విందు పెట్టాం, అందరూ తిన్నారు.”

నాకు ఒళ్లు మండింది. “ఎస్టోయ్ మీద ఒట్టేసి చెప్పు ఆ మాట,” అన్నాను. “నీ తమ్ముడి మీద ఒట్టెయ్యి.”

ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. కళ్లలో నీళ్లు లేవు.

“నాకు తమ్ముడు లేడు,” అంది.